పదునొకండు కాయలు, పండ్రెండుగురు కొత్వాళ్లు

హైదరాబాదు నగరమున 'గ్యారా కద్దూ బారా కొత్వాల్' అను నొక సామెత చిరకాలముగా వాడుకలో నున్నది. అమ్మకమునకు వచ్చిన కాయలు పదునొకండు. వానిమీద హక్కు చెప్పుకొను కొత్వాళ్లు పండ్రెండుగురు. పాలమూరు సీమలో పుట్టి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఈ సామెతనే పేరుగా నొక కథ వ్రాసిరి. వారి 'మొగలాయి కథలు' చదివి నవ్వనివా రుండరు. మేము తరగతిలో ఈ సామెత చెప్పినప్పుడెల్ల పిల్లలును నవ్వుదురు. కాని యొకనాడు వెనుకబల్లమీది బాలు డొకడు నవ్వక లేచి నిలిచి, "సార్, పన్నెండో కొత్వాలుకు ఏం దొరికింది?" అని యడిగెను. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్నకు బదులు వెదకుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

స్థానికపాలనలోని లంచగొండితనమును గూర్చి మన సాహిత్యము తక్కువ వ్రాయలేదు. పటేలు, పట్వారీ, గిర్దావరు, అమీను, వీరిలో నొకరినైనను దుష్టపాత్రగా నిలుపని తెలంగాణ నవల యరుదు. నల్లగొండ జిల్లా బిడ్డయగు వట్టికోట ఆళ్వారుస్వామిగారి 'ప్రజల మనిషి' మొదలుకొని ఈ పాత్రలు మనకు సుపరిచితములు. అయితే పెద్ద రచయితల ననుకరించి తరువాత వచ్చిన కథలలో నొక లోపము కనబడుచున్నది. వానిలో పట్వారీ పుట్టుకతోనే క్రూరుడు. కథాంతమున వాడు పరాభవము నొందును. పాఠకుడు తృప్తితో పుస్తకము మూసివేయును. దోషము మనిషియందు మాత్రమే యున్నదని నమ్మించు కథ యిది. ఆ మనిషి పోయినపిదప ఆ గద్దెమీద గూర్చుండిన రెండవవాడును అట్లే యేల చేసెనను ప్రశ్న అందు పుట్టదు.

ఈ దృష్టితో చూచినచో దాశరథి రంగాచార్యగారు 1969లో ప్రకటించిన నవలకు పెట్టిన పేరు మాకు మిక్కిలి లోతైనదిగా తోచును. 'చిల్లర దేవుళ్లు'. నిజాముకాలపు పల్లెలో దేశముఖును కరణమును ఆయన రాక్షసులని పిలువలేదు, దేవుళ్లని పిలిచెను. రాక్షసుని జూచి మనము పారిపోవుదుము; దేవునికి మ్రొక్కుబడి చెల్లింతుము. దేవుని లెక్కలు మన మడుగము. వరమీయకున్నను ఫిర్యాదు చేయుటకు పైకోర్టు లేదు. ప్రార్థింప కున్నచో పని జరుగదను భయము, ప్రార్థించినచో జరుగునను ఆశ, ఈ రెంటి నడుమ మనిషి ముడుపు కట్టును. లంచమునకు ఇంతకంటె మంచి నిర్వచన మెక్కడనున్నది? లంచము పుట్టుటకు దుర్మార్గుడు అవసరము లేదు. లెక్క యడుగరాని యొక చిల్లర దేవుడుండిన చాలును.

భాషను గమనించినను ఇదే తెలియును. 'మామూలు' అను మాట అరబ్బీనుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చినది. వాడుకగా జరుగునది, ఆచారము అని దాని యర్థము. లంచమన్నచో తప్పను భావము ఆ మాటలోనే వినబడును. మామూలన్నచో అట్లు కాదు. ఇచ్చినవాడు ఆచారము పాటించినవాడు, ఈయనివాడే ఆచారభ్రష్టుడు. నేడు మన కార్యాలయముల వాకిళ్లలో 'చాయ్ పైసలు', 'ఖర్చులు', 'పర్సెంటేజీ' అను మాటలు వినుచున్నాము. మొదటి మాటలో అతిథిమర్యాద యున్నది, రెండవదానిలో న్యాయమైన వ్యయ మున్నది, మూడవదానిలో గణితశాస్త్ర మున్నది. మూడింటిలోను సిగ్గు మాత్రము లేదు. ఒక దురాచారమునకు మంచిపేరు దొరకిన దినముననే అది సగము గెలిచినదని తలంపవలెను.

ఇక కారణములను చరిత్రలో వెదకుదము. నిజాము రాజ్యమున గ్రామపాలన మువ్వురి చేతిలో నుండెను. శిస్తు వసూలు మాలీపటేలుది; శాంతిభద్రతలు పోలీసుపటేలువి; లెక్కలు, పహాణీలు పట్వారీవి. ఈ యుద్యోగములు వతనులు, అనగా తండ్రినుండి కొడుకునకు సంక్రమించునవి. పొలము దున్నువాని పేరు పహాణీలో కాస్తుకాలమున వ్రాయుటయో మానుటయో పట్వారీ కలము చేతిలో నుండెను. వాని కలము తప్ప వేరు కలము గ్రామమున లేదు. వ్రాసినదేమో రైతుకు తెలియదు. ఏలయనగా రాజ్యపు టధికారభాష ఉర్దూ, రైతు భాష తెలుగు. తెలుగైనను చదువనేర్చినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారే. ఇవి రెండు కారణములు: ఒకే ద్వారము, మూసియున్న కాగితము.

మూడవ కారణము వీనికంటె ముఖ్యమైనది. పట్వారీమీద ఫిర్యాదు చేయదలచిన రైతు గిర్దావరు నొద్దకో తహశీలుదారు నొద్దకో పోవలెను. ఆ యధికారులు గ్రామమునకు వచ్చినప్పుడు బస యెవ్వరిది? వారి వంటకు కోళ్లు, నెయ్యి, కట్టెలు, గుఱ్ఱములకు గడ్డి యెక్కడనుండి వచ్చెడివి? పటేలు పట్వారీల యుత్తరువుచే వెట్టివారి యిండ్లనుండియే. పరీక్షింప వచ్చినవాడు పరీక్షింపబడువాని విస్తరిలో భుజించెను. అప్పుడు పండ్రెండవ కొత్వాలునకు ఏమి దొరకినదను ప్రశ్నకు సమాధానము దొరకినట్లేగదా! వానికి కాయ మిగులలేదు. కావున వాడు తక్కిన పదునొకండుగురి భాగములలో భాగము పుచ్చుకొనెను. కాపలాదారుని యెక్కువ చేసినకొలది రైతు బుట్ట బరువు తగ్గెనేగాని దొంగతనము తగ్గలేదు.

ఆ కాలమున దీనికి మందు కనుగొన్నవారును కలరు. 1921లో నేర్పడిన ఆంధ్రజనసంఘము వెట్టిచాకిరిని గూర్చిన ప్రభుత్వ నియమములను తెలుగున చిన్నపుస్తకములుగా వెలువరించి ప్రజలకు తెలిపెను. చూచుటకు చాల చిన్నపని. తుపాకి లేదు, తీర్పు లేదు. అయినను 'ఈ పనికి కూలి ఈయవలెనని మీ సర్కారే చెప్పినది' అని పల్లెవాడు అధికారి యెదుట పలుకగలిగిన దినమున చిల్లర దేవుడు కొంచెము మనుష్యుడయ్యెను. మూసియున్న కాగితమును తెరచుటయే వారు చేసిన పని.

కాగితము మాత్రము చాలునా? చాలదు. నాడు నల్లగొండ జిల్లాలోనిదైన జనగామ తాలూకాలో, పాలకుర్తి గ్రామమున, చాకలి ఐలమ్మ కౌలుభూమిని విసునూరు దేశముఖు కాజేయ జూచిన కథ మన మెఱిగినదే. న్యాయస్థానమున తీర్పు ఆమె పక్షమున వచ్చెను. అయినను పంట యింటికి చేరుటకు తీర్పు చాలలేదు. సంఘమువారు కఱ్ఱలు పట్టి తోడు రావలసివచ్చెను. తీర్పునకు వెనుక దానిని అమలుజరుపు చేయి లేనిచో అది మంచి చేతివ్రాత మాత్రమే. ఈ రెండు సంగతులను, తెరచిన కాగితమును అమలు జరుపు చేతిని, పాఠకులు జ్ఞాపక ముంచుకొనవలెనని కోరుచున్నాము. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన దంతయు వానియందే యున్నది.

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వములు ఎన్నుకొన్న మార్గము వేరు. పదవిని రద్దుచేయుట. 1984 జనవరిలో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము ఆర్డినెన్సుచే పటేలు, పట్వారీ, మునసబు, కరణముల పదవులను తొలగించెను. 1985లో అది శాసనమయ్యెను. వంశపారంపర్యపు కొలువు పోవుట గొప్ప సంస్కారమే; దానిని మేము చిన్నచేయము. ఏ కులమువాడైనను, ఏ యింటివాడైనను ఆ కుర్చీలో కూర్చుండుటకు త్రోవ ఏర్పడెను. కాని కుర్చీ చుట్టునున్న గోడలు మారలేదు. ఆ పని యనేక నామములు ధరించి తుదకు గ్రామ రెవెన్యూ అధికారి చేతికి వచ్చెను. 2020 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఆ పదవినిగూడ రద్దుచేసెను. 2025లో గ్రామ పాలన అధికారి యను పేరుతో గ్రామమునకు మరల ఉద్యోగి వచ్చెను. నలుబదియొక్క సంవత్సరములలో ఒకే కుర్చీని రెండుమార్లు విరిచి రెండుమార్లు చేయించితిమి. తప్పంతయు కుర్చీయందే యుండినచో రెండవమారు విరుపవలసిన యవసర మేల కలిగెను?

2020 అక్టోబరులో వచ్చిన 'ధరణి' విషయమునను ఇట్లే నిష్పక్షపాతముగా విమర్శింపవలెను. భూమి రిజిస్ట్రేషను, పేరుమార్పిడి ఒకే చోట, ఒకే దినమున జరుగుట దాని గుణము. పేరుమార్పిడికై నెలల తరబడి తిరుగు రైతునకు అది మేలు చేసెను. లంచము పుట్టు ఒక ద్వారము మూయబడెను. కాని మొదటనే తప్పుగా నెక్కిన పేరును, తగ్గిన గుంటలను దిద్దు అధికారము గ్రామమునుండి లేచి కలెక్టరు కార్యాలయమున గూర్చుండెను. దేవరకొండ గుట్టలలోని రైతుకు నల్లగొండ యెంత దూరము! అచ్చంపేట అడవియంచు వానికి కలెక్టరు ముఖ మెంత దూరము! దూర మున్నచోట నడుమ మనిషి పుట్టును. నడుమ మనిషి యున్నచోట ధర పుట్టును. 2025 నాటి భూభారతి చట్టము తప్పులు దిద్దుటకును అప్పీళ్లకును మెట్లు మరల నేర్పరచినది. ఆ మెట్లమీద కాలు మోపుటకు రుసుమెంతయో, గడువెంతయో రైతుకు స్పష్టముగా తెలిసినప్పుడే వానివలన ఫలము. యంత్రము లంచము నడుగదు, నిజమే. కాని యంత్రమునకు ముందు ఎవ్వరు నిలిచియున్నారో చూడవలెను.

పంచాయతీల సంగతి కొంచెము వేరు. బల్వంతరాయ్ మెహతా సంఘము 1957లో సిఫారసు చేసిన పంచాయతీరాజ్యము మన రాష్ట్రమున 1959 అక్టోబరులో మొదలైనది నాటి మహబూబునగరు జిల్లాలోని షాద్‌నగరుననే. గ్రామము తన్ను తాను పాలించుకొనునను ఆశ ఆ గడ్డమీద మొలకెత్తినది. నేడు పంచాయతీ యెన్నికలు వచ్చినప్పుడెల్ల కొన్ని గ్రామములలో సర్పంచి పదవికి వేలముపాట జరిగినదను వార్త చదువుచున్నాము. 2019లో చదివితిమి, 2025 డిసెంబరులోను చదివితిమి. పాడినవారు గుడి కట్టింతుమని, బొడ్రాయి నిలుపుదుమని చెప్పుదురు. ఊరు సంతోషించును. కాని సర్పంచి గౌరవవేతనము 2021లో పెంచినపిదప నెలకు 6,500 రూపాయలు. అయిదేండ్లకు లెక్కించిన 3,90,000. అంతకు మించి పాడినవాడు మిగిలిన సొమ్ము నెక్కడనుండి రాబట్టునని గుడి కట్టించుకొన్న మనము అడిగితిమా? మురికికాలువ సిమెంటునుండి, వీధిదీపముల బిల్లునుండి రాబట్టును. మనము దేవునికి సమర్పించితిమనుకొన్న సొమ్ము మన మురికికాలువలోనుండి తిరిగి పోవుచున్నది.

సర్పంచులందరు ఇట్టివారని మేము చెప్పుట లేదు. 2019లో నెన్నికైనవారిలో అప్పు తెచ్చి గ్రామపు పనులు చేయించి, పదవీకాలము 2024 ఫిబ్రవరి మొదట ముగిసినపిదపను బిల్లులకై ఖజానా వాకిట తిరిగినవారు అనేకులు. చేసిన పనికి న్యాయముగా రావలసిన సొమ్మునకే గడువు లేనప్పుడు, దానిని త్వరపెట్టుటకు ధర యేర్పడును. నిజాయితీపరునిచేతగూడ లంచ మిప్పించునది ఈ ఆలస్యమే. పిమ్మట 2025 డిసెంబరు వరకు ఎన్నికైన పంచాయతీయే లేదు, ప్రత్యేకాధికారులు పాలించిరి. ప్రశ్నింపబడువాడే లేని గ్రామసభలో ప్రశ్న యెవ్వరి నడుగవలెను?

ఇక అమలు మాట. ఆంధ్రప్రదేశమున అవినీతి నిరోధకశాఖ 1961లో నేర్పడెను. వారి వలపన్ను విధానము పత్రికలు చదువువారందరికి తెలిసినదే. ఫినాఫ్తలీను పొడి చల్లిన నోట్లను ఫిర్యాదుదారునిచే నిప్పింతురు. పుచ్చుకొన్నవాని వ్రేళ్లను సోడా కలిపిన నీట ముంచినచో నీరు గులాబీరంగు తిరుగును. ఆ గులాబీనీటి సీసా న్యాయస్థానమునకు పోవును. 1988 చట్టము ప్రకారము, 2018లో సవరించినపిదప, లంచగొండికి మూడేండ్లనుండి ఏడేండ్లవరకు శిక్ష కలదు. ఈ శాఖ లేనియెడల మన స్థితి యింకను హీనమై యుండెడిది. ధైర్యముచేసి దాని తలుపు తట్టిన ప్రతి రైతునకు మేము నమస్కరించుచున్నాము.

అయినను దాని పరిమితిని గుర్తింపవలెను. సీసాలోని నీరు ఒక చేతి రంగును మాత్రమే చూపును. ఆ చేతినుండి పైచేతికి నెలనెల పోవు భాగమునకు రంగు లేదు. పట్టుబడినవాడు తరచుగా చివరి మెట్టుమీదివాడు. వానిపై కేసు నడుపుటకు పై యధికారుల అనుమతి కావలెను. అనుమతి వచ్చి విచారణ ముగియునప్పటికి సంవత్సరములు గడచును. అప్పటికి ఫిర్యాదుదారుడు విసిగియో భయపడియో మాట మార్చును. ఇట్లు సాక్షి మాట మార్చినను, మరణించినను, తక్కిన సాక్ష్యముల ననుసరించి నేరము నిర్ధారింపవచ్చునని సుప్రీముకోర్టు రాజ్యాంగధర్మాసనము 2022 డిసెంబరులో తీర్పు చెప్పవలసివచ్చెను. సాక్షులు మాటమార్చుట యెంత సాధారణమైనదో ఈ తీర్పే చెప్పకచెప్పుచున్నది.

సాక్షి యేల మాట మార్చును? వాని ఫైలు సంగతి యాలోచింపుడు. లంచ మడిగినవాడు పట్టుబడెను, మంచిదే. ఆ ఫైలు మరునాడు ఎవ్వరి బల్లమీదికి పోవును? పట్టుబడినవాని తోటివాని బల్లమీదికే. 'వీడు పట్టించెడివాడు' అను పేరు ఫైలుకంటె ముందుగా నడచును. చట్టము లంచగొండిని శిక్షించును గాని, ఫిర్యాదుచేసినవాని పనిని ఇన్నిదినములలో పూర్తిచేసి చూపు బాధ్యత నెవ్వరిమీదను పెట్టుట లేదు. 2018 సవరణ లంచ మిచ్చువానినిగూడ నేరస్థునిగా జేసినది. బలవంతముచే నిచ్చినవాడు ఏడుదినములలో తెలిపినచో తప్పించుకొనును. పట్టణపు వకీలునకు ఏడుదినములు చాలు. మన్ననూరు అడవిలోని చెంచుకు ఆ గడువున్నదని తెలియుటకే యెన్ని దినములు పట్టునో!

శిక్ష కఠినముగా నుండుటకంటె నిశ్చయముగా నుండుట మేలని ఇటలీదేశపు బెకారియా 1764లోనే వ్రాసెను. మన కౌటిల్యుడు ఇంకను ముందునకు పోయెను. అర్థశాస్త్రపు రెండవ అధికరణమున ఉద్యోగులు సొమ్ము హరించు విధములను నలువదింటిని లెక్కించెను. మన పండితులు ఈ నలువదిని చమత్కారముగా ఉదాహరింతురు, అచ్చటితో నాగుదురు. అక్కడనే ఆయన చెప్పిన చికిత్సను చదువరు. ఒక యుద్యోగిపై నేరము మోపబడినప్పుడు ఆ సీమలో చాటింపు వేయింపవలెనట: వీనిచే నష్టపడినవారు వచ్చి చెప్పుడని. చెప్పినవారికి వారి నష్టము ననుసరించి సొమ్ము తిరిగి యిప్పింపవలెనట. నేరమును తెలిపి ఋజువు చేసినవానికి ఆ సొమ్ములో ఆరవపాలు బహుమానము. గమనింపుడు: శిక్ష రాజునకు, సొమ్ము ఖజానాకు అని కాక, నష్టపడినవానికి నష్టము తీరవలెనని ఆయన మతము. మన నేటి అమలులో లేనిది ఇదియే. రైతునుండి పుచ్చుకొన్న సొమ్మునకు శిక్ష పడునేమో. రైతు పోగొట్టుకొన్న కాలమును, కూలిని, పంటను తిరిగి యిచ్చువా రెవ్వరు?

ఈ చాటింపు మన జిల్లాలలో నొకసారి నిజముగా జరిగినది. 2006లో గ్రామీణ ఉపాధిహామీ చట్టము మొదట అమలైన జిల్లాలలో నల్లగొండయు మహబూబునగరును ఉన్నవి. కూలిసొమ్ము పని చేయించువాని చేతినుండి తొలగించి తపాలాకార్యాలయముల ద్వారా ఇప్పించిరి. చేయించు చేయి, చెల్లించు చేయి వేరయ్యెను. దానికి తోడు సామాజిక తనిఖీ వచ్చెను. చదువుకొన్న గ్రామయువకులు ఇల్లిల్లు తిరిగి, మస్టరులో వ్రాసిన పేర్లను దినములను కూలీలకు చదివి వినిపించి, పిదప ఊరినడుమ సభ పెట్టి అందరి యెదుట చదివిరి. చనిపోయినవారి పేర, వలసపోయినవారి పేర పడిన హాజరులు బయటపడెను. పాలమూరువారు బొంబాయికో పూనాకో కూలికి పోయియుండగా వారి పేరు ఇక్కడి మట్టిపనిలో తట్టలు మోయుచుండెనన్నమాట! 2009లో దీనికై ప్రత్యేకసంస్థ యేర్పడెను. 2012లో నేరములను త్వరగా విచారించుటకు చట్టమును వచ్చెను.

ఫలితము? తప్పులు బయటపడుట చక్కగా జరిగెను. కాని తనిఖీల ఫలితములను శ్రద్ధతో పరిశీలించిన ఆర్థికశాస్త్రజ్ఞులు తేల్చిన దేమనగా, పోయిన సొమ్ములో తిరిగి రాబట్టినది కొంచెమే. బాధ్యులలో తగిన శిక్ష పొందినవారు బహుకొద్ది. కాలక్రమమున సులభముగా పట్టుబడు మోసములు పోయి, పట్టుకొనుటకు కష్టమైనవి పెరిగెను. కాగితము తెరచిరి, అమలు జరుపు చేయి వెంట రాలేదు. దీనికి సరిగా ఎదురుదిక్కున ఇండోనేషియాదేశమున 600కు పైబడిన గ్రామములలో రహదారిపనులమీద నొక పరీక్ష జరిగినది. దాని ఫలితములను బెంజమిన్ ఒల్కెన్ 2007లో ప్రకటించెను. పై ప్రభుత్వపు తనిఖీ తప్పక వచ్చునని ముందుగా తెలిపిన గ్రామములలో మాయమగు సొమ్ము గమనింపదగినంత తగ్గెను. గ్రామసభకు జనమును పిలుచుటవలన మాత్రము తగ్గినది స్వల్పము. కావున ప్రజలు మేలుకొన్న చాలునని చెప్పు మన వేదికల యుపన్యాసకులును, పోలీసు చాలునని చెప్పు కోపిష్ఠులును సగమే చెప్పుచున్నారు. సభ లేని తనిఖీ పండ్రెండవ కొత్వాలగును. తనిఖీ లేని సభ అరణ్యరోదన మగును.

జీతములు పెంచిన లంచము పోవునని కొందరందురు. పొట్ట నిండని చిన్నయుద్యోగికి అది న్యాయమే, పెంచవలెను. కాని లంచము ఆకలితో మొదలగుట కలదుగాని ఆకలితో ముగియుట లేదు. మరికొందరు ప్రజలే చెడినారు, ఇచ్చువాడు లేనిదే పుచ్చుకొనువా డెక్కడ అందురు. ఈ మాట వినుటకు నీతివాక్యమువలె నుండును. దీనికి బదులుగా మా సంగతి యొకటి చెప్పి ముగింతుము.

వ్యాసము మొదట చెప్పిన బాలునకు విద్యార్థివేతనమునకై ఆదాయ ధ్రువపత్రము కావలసివచ్చెను. తండ్రి వలసకూలి; ఊరిలో లేడు. తల్లికి కార్యాలయపు త్రోవ తెలియదు. మేమే వెంట పోతిమి. ఏ కార్యాలయమో చెప్పుట యవసరము లేదు. మూడుమార్లు త్రిప్పిరి. గడువు మరునాడనగా నాల్గవమారు వాకిటనున్న మనిషి మెల్లగా 'చాయ్ పైసలు' అనెను. మేము సంస్కృతము చదివితిమి, ఆంగ్లము చదివితిమి; తరగతిలో ఈ సామెత చెప్పి నవ్వించినవారము. బాలుడు చూచుచుండగా జేబులోనుండి తీసి యిచ్చితిమి. పత్రము అరగంటలో వచ్చెను. త్రోవలో బాలుడు మమ్మేమియు ననలేదు. అది మాకు తిట్టుకంటె భారమయ్యెను.

మేము చెడినవారమా? ఆనాడు చెడితిమి. కాని ఆ వాకిట గోడమీద 'ఈ పత్రమునకు రుసుమింత, గడువిన్ని దినములు, గడువు దాటినచో ఈ యధికారి జీతమునుండి ఇంత కోత, ఆ కోత మీకే' అని తెలుగున పెద్దయక్షరములతో వ్రాసియుండి, అట్లు కోసిన దాఖలా ఒక్కటైనను ఊరివారు చూచియున్నచో మేము ఇచ్చియుండము, వాడు అడిగియుండడు. మాలోని ధర్మరాజు మేల్కొనుటకు ఆ గోడ చాలియుండెడిది. చిన్నశిక్ష, తప్పనిశిక్ష, అందరికి కనబడు శిక్ష. నష్టపడినవాని చేతికే వచ్చు పరిహారము. ఫిర్యాదుచేసినవాని పని మొదట ముగింపవలెనను నియమము. తనిఖీ చేయువాని లెక్కగూడ గ్రామసభలో చదువుట. మేము కోరునవి ఇవియే. వీనికి కొత్త పదవులు అక్కరలేదు, పాత పదవులను విరుపనక్కరలేదు.

రచయితలకును ఒక మనవి. పట్వారీని తిట్టు కథలు మనకు చాలినన్ని వచ్చినవి. ఆ కుర్చీ చుట్టునున్న గోడలను, ఫైలు నడచు త్రోవను, ఇచ్చువాని సిగ్గును వ్రాయు కథ యింకను రావలసియున్నది. ఆ కథ మాబోటి పంతుళ్లకు నొప్పి కలిగించిన, కలిగింపనిండు.

ఆ బాలుడు ఇప్పుడు పై తరగతికి పోయినాడు. వాని ప్రశ్నకు బదులు ఆలస్యముగానైనను చెప్పవలసినవారము. నాయనా, పన్నెండవ కొత్వాలుకు మిగిలినవారి కాయలలో భాగము దొరకినది. ఆనాడు నీ యెదుట ఆ భాగమును మేముకూడ మోసి యిచ్చితిమి.